చుక్కమ్మ పుట్టింటి పరుపు

నేను చెప్పబోయేది అబద్ధం అనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి, పంచె దులుపుకుని వెళ్ళిపోవచ్చు. మధ్యలో లేచి "అదెలా కుదురుతుందయ్యా" అని అడిగినవాళ్ళు ఇదివరకు ముగ్గురున్నారు. ఒకాయనకి ఆ సాయంత్రమే గొంతు పూడుకుపోయింది. మిగతా ఇద్దరూ ఇప్పటికీ నా పాక ముందునుంచి వెళ్ళాల్సివస్తే కొండ చుట్టూ తిరిగి వెళ్తారు. నా చెవుల సంగతి ఈ చుట్టుపక్కల పన్నెండు పల్లెలకీ తెలుసు. చీమ తుమ్మితే, ఆ తరవాత అది ఏ కాలితో ముక్కు తుడుచుకుందో చెప్పేస్తాను. అలాంటి చెవులున్నవాడికి ఎద్దు మాటా కోడి మాటా అర్థం కావడం ఒక విశేషం కాదు.

అయినా ఈ కథలో నా చెవులు చేసిన మేలు తక్కువే. అది ముందే చెప్పుకుంటున్నాను. ఇందులో కొంత నేను చూసింది, చాలామటుకు ఎద్దు చెప్పగా విన్నది.

నా పశువుల పాక కొండ కింద, సీతాఫలం పొదల పక్కన ఉండేది. దాని కప్పు నేనొక్కణ్ణే ఒక్క పూటలో నేశాను. కింద నించుని తాటాకులు పైకి అందించింది సుడిగాలి. ఆ పాకలో మైలయ్య అనే ముసలెద్దు ఉండేది. నాగలి మోసి మోసి మెడ కాయ కట్టి, ఇక దుక్కికి పనికిరానని తనే తేల్చుకుని, నెమరు వేసుకుంటూ కాలం వెళ్ళదీస్తున్న పెద్దమనిషి. సన్నాయి అని ఒక మేక. గొంతు సన్నాయిలా ఉంటుంది, మాట మాత్రం తుమ్మముల్లు. పగలంతా నాతో పొలానికి వచ్చే భైరి అనే కుక్క. ఇక మైలయ్య గాటిపక్కన, పాత గంపలో, పదకొండు గుడ్లమీద కూర్చున్న చుక్కమ్మ. తెల్లటి ఒంటిమీద నల్లచుక్కల పెట్ట. అది తొలిసారి పొదగడం.

కోడి పొదుగు ఇరవై ఒక్క రోజులు. అన్ని రోజులూ కింద వెచ్చన తగ్గకూడదు. గింజ తినడానికో నీళ్ళు తాగడానికో లేచినా, గుడ్డు చల్లారేలోగా వచ్చి కూర్చోవాలి. చుక్కమ్మకి ఆ పదకొండు గుడ్లు తప్ప ప్రపంచంలో తనదనేది ఇంకేమీ లేదు. ఆ సంగతి పాకలో అందరికీ తెలుసు. సన్నాయికి ఇంకా బాగా తెలుసు.

"ఎన్నాళ్ళయిందే కూర్చుని?" అంది సన్నాయి ఒక పొద్దున.

"ఇవాళ్టికి ఆరో రోజు, వదినా."

"మాలో అయితే తొలిచూలుకి పుట్టింటివాళ్ళు కదిలొస్తారు. లేత చిగుళ్ళు, తెలగపిండి ముద్దలు మోసుకొస్తారు. నీకెవరొస్తారు?"

"వస్తారేమో."

"ఎక్కణ్ణించి? నిన్ను సంతలో గంప కింద ఉండగా కొన్నాడు మనవాడు. నీ పుట్టిల్లంటే ఆ గంపే. అందులో మిగిలిన నీవాళ్ళు ఆ వారమే ఎవరి పొయ్యిమీదో కూరైపోయి ఉంటారు."

"సన్నాయీ," అన్నాడు మైలయ్య, "దేవుడు నీకు నోరిచ్చింది నెమరుకి. దానికే వాడు."

చుక్కమ్మ ముక్కుతో ఒక గుడ్డు తిరగేసి, రెక్కలు సర్దుకుని కూర్చుంది.

ఆ మాటలన్నీ సీతాఫలం పొదల్లోంచి ఒక నక్క విన్నాడు. వాడు అప్పటికే నాలుగు రోజులుగా పొదల్లోనే మకాం. గంప దాకా రావడానికి లేదు, మైలయ్య కొమ్ములు అడ్డం. కోడి తనంతట తను బయటికి నడిచొస్తేనే పని జరుగుతుంది. పొదిగే కోడి లేచి రావడమనేది ఉండదు. ఏం చేస్తే లేస్తుందా అని వాడికి నిద్ర పట్టడం లేదు. సన్నాయి మాట విన్నాక వాడికి దారి కనిపించింది.

మధ్యాహ్నం నేనూ భైరీ పొలంలో ఉన్న వేళ, వీపుమీద ఒక చిన్న పరుపు మోసుకుని నక్క పాక గుమ్మంలో నించున్నాడు.

"చుక్కమ్మ ఉండేది ఇక్కడేనా అండీ?"

మైలయ్య తల దించి కొమ్ములు ముందుకు పెట్టాడు. "ఇక్కడే. నువ్వు నక్కవి. అడగాల్సింది అయిపోయిందిగా, వెళ్ళు."

"నక్కనే. కాదని నేనన్నానా పెద్దాయనా. ఏటవతల పాలెం నక్కని. మా ఊరి ఆడపిల్ల ఇక్కడుంటోందని తెలిసి వచ్చాను. ఒకే ఊరివాళ్ళం, వరసకి అన్నని."

చుక్కమ్మ మెడ సాచింది. "మా ఊరు ఏటవతల పాలెమా?"

"నీకు తెలీదమ్మా, కన్ను తెరవకముందే గంపకెత్తారు. మీ అమ్మకి నీలాగే తెల్లటి ఒంటిమీద నల్లచుక్కలు. ఇప్పుడు చూపు ఆనడం లేదు. సంతకి పోయిన పిల్ల ఏ గడపలో ఉందో అని గొణుక్కుంటూ ఉంటుంది."

"నన్ను తలుచుకుంటుందా?"

"తలుచుకోని రోజుంటే చెప్పు."

ఆ ఒక్క మాటతో పని అయిపోయింది. ఆ తరవాత వాడు ఏం చెప్పినా అది వింటుంది.

"ఇదుగో సారె," అని నక్క పరుపు దించాడు. "బూరుగుదూదిది. పసిబిడ్డల ఉయ్యాలలో వేసేది. గట్టి గడ్డిమీద గుడ్లు ఒరుసుకుంటాయని మీ అమ్మ బెంగ."

"గడ్డి చాలు మాకు," అన్నాడు మైలయ్య. "వాడిన పరుపు అది. ఎవరు పడుకున్నదో ఏమిటో. అంతగా అయితే మూడు రోజులు నడి ఎండలో వేసి, కుట్లు విప్పి దులిపి, తరవాత చూద్దాం."

నక్క మొహం చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకోవడంలో వాణ్ణి మించినవాడు లేడు. "పుట్టింటి సారెని కుట్లు విప్పి సోదా చేస్తారా. మా ఊళ్ళో అయితే గుమ్మంలోకి రాగానే కళ్ళకద్దుకుంటారు. సారె తిరగ్గొట్టిన ఆడపిల్లకి పుట్టింటి తలుపు మూసుకున్నట్టే. నాకేం, మోసుకెళ్ళిపోతాను. ముసలామెకే ఏం చెప్పాలో తెలీడం లేదు."

"ఉండన్నా," అంది చుక్కమ్మ. మైలయ్యవైపు తిరిగింది. "తాతా, నాకంటూ వచ్చింది ఇదొక్కటే."

మైలయ్య కొమ్ములు పక్కకి తిప్పుకున్నాడు. తరవాత చాలాసార్లు నాతో అన్నాడు, ఆ తిప్పుకోవడమే తప్పని. పరుపు గుమ్మంలోనే వదిలి నక్క వెళ్ళాక, సన్నాయి దాన్ని నోటకరిచి తెచ్చి గుడ్ల కింద పరిచింది.

మర్నాడు పొద్దున చుక్కమ్మ పొట్ట కింద, పొదుగుకి ఈకలు రాలిన చోట, ఎర్రగా మూడు దద్దుర్లు. వరసగా, సూదితో కుట్టినట్టు. ఆ మర్నాటికి తొమ్మిది. ఆ పై రోజుకి లెక్క లేదు.

"దోమలు," అంది సన్నాయి.

"దోమ మూడుచోట్ల వరసగా కుట్టి పోదు," అన్నాడు మైలయ్య. "అయితే ఏమిటో నాకూ తెలీడం లేదు."

అప్పుడు నేను రంగంలోకి దిగాను. గద్ద ఆకాశంలో తిరుగుతుంటే దాని రెక్కలో ఉన్న పేను ఆడదో మగదో కింద నించుని చెప్పిన కన్ను నాది. చుక్కమ్మని చేతిలోకి తీసుకుని ఈక ఈకా పాయ తీశాను. ఏమీ కనిపించలేదు. "కోడిపేలు. నన్ను చూసి దాక్కున్నాయి," అని తేల్చి, దోసెడు బూడిద తెచ్చి దాని ఒంటికి పట్టించి గంపలో చల్లాను. గంపలో కొత్తగా ఒక పరుపు కనిపించింది. మా ఇంట్లోవాళ్ళే వేసి ఉంటారనుకున్నాను. ఎత్తి చూడలేదు. ఆ రోజు ఎండ సూటిగా నా కళ్ళలో పడుతోంది, ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

బూడిదకి ఏమీ తగ్గలేదు. నేను రోజుకి రెండుసార్లు చల్లాను. వేపాకు నూరి పూశాను. చుక్కమ్మ తురాయి ఎరుపు పోయి నానిన కాగితంలా అయింది. గింజ వేస్తే రెండు తిని మానేసేది. కునుకు పట్టేది కాదు, కూర్చున్నచోటే ముందుకి తూలేది. అయినా లేవలేదు. పరుపుమీద గోధుమరంగు మరకలు పడ్డాయి, కుట్ల వెంబడి గసగసాల్లాంటి నల్లచుక్కలు తేలాయి.

"సారెమీద పువ్వుల అద్దకం ఉందే," అంది సన్నాయి. ఈసారి వెక్కిరింత కాదు, నిజంగానే అలా అనుకుంది. "మొదట్లో కనిపించలేదు."

తొమ్మిది రోజులు ఇలా గడిచాక, పదిహేనో రోజున, మైలయ్య గంప దగ్గరికి ముక్కు తెచ్చి వాసన చూశాడు. నలిగి కుళ్ళిన కొత్తిమీర కంపు.

"పిల్లా, మనవాడు నీ ఒళ్ళంతా వెతికాడు కదా. నువ్వు పడుకున్న చోటు వెతికాడా?"

"లేదు తాతా."

"పేనైతే ఒంటిమీదే కాపురముంటుంది. ఒంటిమీద దొరకలేదంటే అది పక్కలో ఉన్నట్టు."

కొమ్ము కొసతో పరుపు అంచు కుట్టు తెంపాడు. లోపల ఎండిన పొరలు, పొట్టు పొట్టుగా విడిచిన కుబుసాలు. వాటి వెనకనించి చింతగింజ రంగులో, నిండుగా తాగి ఉబ్బిన ప్రాణి ఒకటి తాపీగా బయటికి వచ్చింది.

"నువ్వు పేనువా?" అన్నాడు మైలయ్య.

"మాట జారొద్దు పెద్దాయనా. పేను అద్దెకుండేది. దువ్వెన పెడితే రాలి పడుతుంది. మేం సొంతిల్లున్నవాళ్ళం. కుట్టు కింద పుడతాం, కుట్టు కింద పెరుగుతాం. ఆకలైనప్పుడే బయటికొస్తాం."

"నల్లివి."

"నల్లినే. మీ పాకాయనకి కనుక్కోడానికి తొమ్మిది రోజులు చాల్లేదు. బూడిద చల్లితే మాకు ముగ్గు వేసినట్టుంది."

ఈ మాట నాకు చెప్పకూడదని మైలయ్య అనుకున్నాడట. చెప్పాడు.

"ఏ ఊరు మీది?"

"పట్నం బయట చెత్తకుప్ప. నెలల తరబడి పస్తు. పస్తుకి మేం జడిసేవాళ్ళం కాదనుకో. ఒకరోజు నక్క వచ్చి కట్టెపుల్లతో పరుపు తిరగేసి 'అందరూ కులాసాయేనా' అని అడిగాడు. అంత మర్యాదగా మమ్మల్ని ఎవరడిగారు చెప్పు. కదలకుండా ఇరవై రోజులు కూర్చునే ఆవిడ ఒకామె ఉంది, లేచేదాకా మీరు తినండి, లేచాక నా వంతు, అన్నాడు." నల్లి చుక్కమ్మవైపు తిరిగింది. "వాడి మాట వినకు తల్లీ. నువ్వు లేవకు. నువ్వు లేస్తే మా పిల్లలేం కావాలి."



"విన్నావుగా," అన్నాడు మైలయ్య. "అది మీ ఊరి సారె కాదు. నీకు ఊరు లేదు. మనవాడు రాగానే పరుపు కాల్పించేద్దాం."

"నల్లి మాట నమ్మి పుట్టింటిది కాలుస్తానా?"

"నీ రక్తం తాగి చెప్పింది. అబద్ధం చెప్పాల్సిన అవసరం దానికేముంది."

"అన్నకి తెలిసి ఉండదు తాతా. ముసలామె కళ్ళకి ఆనక ఏదో పాతది ఇచ్చి ఉంటుంది. వస్తాడుగా, అడుగుతాను. ఇంకా ఆరు రోజులు. కూర్చుంటాను."

"అది కాదు పిల్లా, గుడ్లు…"

"కూర్చుంటానన్నానుగా."

కూర్చుంది. ఒక రోజు కాదు, రెండు రోజులు. ఆ రెండు రోజులు ఒక కోడి అలా కూర్చోవడం నేను పులుల్ని చెవి పట్టుకుని నీళ్ళు తాగించిన రోజుల్లో కూడా చూడలేదు. పదిహేడో రోజు ముసురు పట్టింది. పొద్దున్నే తొట్టిలో నీళ్ళు తాగడానికి లేచింది. తాగింది. తిరిగి గంపవైపు చూసింది. కాళ్ళు రాలేదు.

"గుడ్లు," అంది సన్నాయి.

"ఇప్పుడే వెళ్తాను వదినా. ఒక్క క్షణం."

గుంజకి ఒళ్ళానించి నించుంది. చలిగాలి పాకలోంచి దూసుకుపోతోంది. ఒక్క క్షణం కాస్తా పొద్దెక్కేదాకా అయింది. సన్నాయి ఇక ఆగలేక గంప దగ్గరికి వెళ్ళి, పక్కన పడుకుని, గుడ్లమీద పొట్ట ఆనించింది. నల్లులు దాన్నీ వదల్లేదు. పది నిమిషాలు ఓర్చుకుని, అరుస్తూ లేచి, మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచింది. మేక పొట్ట గుడ్లకోసం చేసింది కాదు. మైలయ్య పలుపు తెంపుకుని పొలంలో ఉన్న నా దగ్గరికి రావాలని చూశాడు, ముసలి మెడకి బలం చాల్లేదు.

మధ్యాహ్నానికి చుక్కమ్మ వచ్చింది. ఒక్కొక్క గుడ్డుకీ ముక్కు ఆనించి చూసింది.

"వెచ్చగానే ఉన్నాయి," అంది.

సన్నాయి గంప దగ్గర్నించి పక్కకి జరిగింది.

ఒక్కొక్కటే ముక్కుతో దొర్లించుకుంటూ పదకొండు గుడ్లనీ మైలయ్య ముందున్న గడ్డిలోకి తెచ్చుకుని, వాటిమీద కూర్చుంది. "పరుపు మాత్రం అన్న వచ్చి చెప్పేదాకా కాల్చొద్దు," అంది. పరుపు ఖాళీ గంపలోనే ఉండిపోయింది. రెండు రోజులు అందులో ఎవరూ పడుకోలేదు.

పందొమ్మిదో రోజు, ఇంకా తుంపర పడుతుండగా, నక్క వచ్చాడు. గంపలో కోడి లేకపోవడం చూసి వాడి కళ్ళు మెరిశాయి. మొహం మాత్రం దిగాలుగా పెట్టాడు.

"ఎంత చిక్కిపోయావమ్మా. ఇది మీ అమ్మ చూస్తే బతుకుతుందా. పురుడు పుట్టింట్లోనే పోసుకోవాలి. గుడ్లు నేను మోసుకొస్తాను, నువ్వు మెల్లగా నా పక్కన నడువు."

చుక్కమ్మ వాడినే చూస్తోంది. అడుగుతానన్నది అడగలేకపోతోంది. అప్పుడు మైలయ్య గొంతు సవరించుకున్నాడు.

"తీసుకెళ్ళు నాయనా, మంచిదే. ఒక్క తంతు మిగిలింది. సారె తెచ్చిన అన్న, ఆ సారెమీద కూర్చుని, చెల్లెలు పెట్టిన గింజలు తిని, పుట్టింటివాళ్ళ పేర్లు వరసగా చెప్పాలి. అది కాకుండా ఆడపిల్ల గడప దాటదు. మీ ఊళ్ళో లేదా ఈ పద్ధతి?"

అలాంటి తంతు ఏ ఊళ్ళోనూ లేదు. మైలయ్య అప్పటికప్పుడు అల్లాడు. నక్కకి ఆ సంగతి తెలీదు. సారె గురించి అంత ఉపన్యాసం దంచినవాడు ఇప్పుడు పద్ధతి తెలీదని ఎలా అంటాడు.

"ఉంది. ఎందుకు లేదు," అన్నాడు. "అయితే ముసురు కదా, తొందరగా నిలబడే కానిచ్చేద్దాం."

"కూర్చో అన్నా," అంది చుక్కమ్మ. చాలా మెల్లగా అంది. "శుభ్రమైనదేగా."

నక్క గంపలోకి దిగి, పరుపుమీద, తోక నలగకుండా చూసుకుంటూ కూర్చున్నాడు. రెండు రోజులుగా ఆకలిమీదున్న నల్లులు కుట్టు కుట్టునా కదిలాయి.

"తల్లి పేరు?" అన్నాడు మైలయ్య. ముసలివాళ్ళకే వచ్చే తీరుబడితో.

"రాజమ్మ."

"తండ్రి?"

"పెద్దపుంజు. అందరూ… అలానే అంటారు."

"మేనత్తలు ఎందరు?"

"ముగ్గురు." వాడి వెనకకాలు దానంతట అదే లేచింది. గట్టిగా కిందకి నొక్కిపెట్టాడు.

"ఏం అన్నగారూ, గోక్కుంటున్నారు?" అంది సన్నాయి.

"గోక్కోవడం కాదు. ఊరు తలుచుకుంటే ఒళ్ళు పులకరించింది."

"మేనత్తల పేర్లు," అన్నాడు మైలయ్య. "పెద్దావిడతో మొదలుపెట్టు. ఎవరికిచ్చారో కూడా చెప్పు. ఎంతమంది పిల్లలో తరవాత అడుగుతాను."

"పెద్దావిడ… వెంకాయమ్మ. రెండో ఆవిడ…" తోక మొదట్లో, చెవి వెనక, చంకలో, ఒకేసారి. వాడి దవడ వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రెండో ఆవిడ?"

"ఎన్ని పుట్టాయే దీంట్లో," అని నక్క గంపలోంచి ఒక్క గెంతు గెంతాడు. "నేను తెచ్చినప్పుడు ఇన్ని లేవు."

అనేశాక, తనేమన్నాడో వాడికే వినిపించింది.

చుక్కమ్మ కళ్ళు మూసుకుంది. వాన మూలాన నేనూ భైరీ పొలం నుంచి అప్పుడే తిరిగి వస్తున్నాం. నేను విసిరిన కర్ర నక్కని తరుముతూ కొండకి ఒక చుట్టు తిరిగి, వాడి తోక వెంట్రుకలు పట్టుకుని నా చేతిలోకే వచ్చింది. భైరి వాణ్ణి ఏటిదాకా తరిమాడు. వాడు చావలేదు. ఒంటినిండా నల్లులతో బొరియలోకి దూరాడు. ఆ నల్లులకి బొరియ తెగ నచ్చింది. వారంలో పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. రెండో వారం వాడే బొరియ వాటికొదిలేసి బయట వానలో ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. ఎవరింటికెళ్ళినా గుమ్మంలోనే నించోబెట్టి, "ముందు ఒళ్ళు దులుపు," అంటున్నారట.

మైలయ్య నాకంతా చెప్పాక నేను చేసిన పని చరిత్రలో ఎవరూ చేసి ఉండరు. పరుపుని చేత్తో ముట్టుకోకుండా, పాకలో ఈడ్చకుండా, పొడుగు కర్రకి గుచ్చి బయటికి తెచ్చి, గోతిలో వేసి కిరసనాయిలు పోసి కాల్చాను. ఏడు కాగుల నీళ్ళు ఒకే పొయ్యిమీద మరిగించాను. ఆ ఆవిరి పైకెళ్ళి పక్క ఊళ్ళో రెండు దుక్కుల వాన కురిసింది. గంపని మరిగే నీళ్ళలో ముంచి తీశాను. గుంజల పగుళ్ళలో, వాసాల కీళ్ళలో, గాటి సందుల్లో, తాళ్ళ ముడుల్లో, సలసలా కాగుతున్న నీళ్ళు పోశాను. పాత గడ్డి అంతా కాల్చి, పగుళ్ళు మట్టితో పూడ్చాను. తొంభైవేల నల్లులు. లెక్కపెట్టాను.

"అయిపోలేదు," అన్నాడు మైలయ్య. "వాటి గుడ్లు ఉంటాయి."

నిజమే. పగుళ్ళలో బియ్యపు నూకల్లాంటి గుడ్లు అతుక్కుని ఉన్నాయి. కొన్నిటికి నీళ్ళు తగల్లేదు. పన్నెండు రోజుల తరవాత మళ్ళీ పిల్లలు కనిపిస్తే మళ్ళీ ఏడు కాగులు మరిగించాను. చీకట్లో, తల్లీ తోడూ లేకుండా, ఎవరూ పొదగకుండా అవి ఎలా బతికాయో చూడండి. చుక్కమ్మ గుడ్లు ఒక్క పూట చలికి ఆగలేకపోయాయి.

ఇరవై ఒకటో రోజున ఒక గుడ్డు చిట్లింది. ఒక పిల్ల బయటికి వచ్చింది. మిగతా పదీ కదల్లేదు. చుక్కమ్మ పిల్లని రెక్క కింద పెట్టుకుని, ఆ పదింటిమీద అలాగే కూర్చుంది. ఇరవై మూడు. ఇరవై ఆరు. నేను రోజూ వచ్చి చూసేవాణ్ణి. ఎత్తబోతే చేయి పొడిచేది. పిడుగుని పట్టుకుని మడతపెట్టి జేబులో వేసుకున్న చేతులివి. చల్లారిన కోడిగుడ్డుని వెచ్చజెయ్యడం వీటికి చేతకాలేదు. మొదటి రోజున ఆ పరుపు అంచు ఎత్తి చూసి ఉంటే సరిపోయేది. ఎండ కళ్ళలో పడుతోందన్నాను కదా. పాకలోకి అంత ఎండ రాదు.

ఇరవై తొమ్మిదో రోజున చుక్కమ్మ అడిగింది.

"తాతా, మా అమ్మకి నిజంగా నల్లచుక్కలుండేవా?"

"తెలీదు పిల్లా."

"వాడు ఉన్నాయన్నాడు."

"నిన్ను చూసి అన్నాడు."

అది కాసేపు ఆలోచించింది. తరవాత లేచింది. పిల్లని వెంటబెట్టుకుని, వెనక్కి తిరక్కుండా, ఎండలోకి నడిచింది. సన్నాయి వాళ్ళకి దారి వదిలింది.

ఇచ్చినవాడి వరస విని మురిసిపోయేముందు, ఇచ్చినదాని కుట్లు విప్పి చూడండి.

ఇందులో ఒక్క మాట తప్పనిపించినా నన్ను అడగొద్దు. కొత్త గంప అమ్ముదామని ఆ పూటే నా పాకకి వచ్చి, నేను గొయ్యి తవ్వుతుంటే ఆ పది గుడ్లనీ రెండు చేతులా అందించినవాడున్నాడు. ఏటి ఒడ్డున బుట్టలల్లుకుంటాడు, అతన్ని అడగండి. పేరు మేదరి చలమయ్య.